ఫ్యాన్లు చాలు, జీతాలకివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో చూశాను. ఎవరో దాతలు ఒక చిన్న ప్రైవేటు బడికి నాలుగు ఫ్యాన్లు ఇచ్చారు. ఆరుగురు పెద్దమనుషులు ఒకే ఫ్యాను పెట్టెను పట్టుకుని నిలబడ్డారు, వెనకాల పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి కాదు ఈ ఉత్తరం. మదనపల్లె చల్లని ఊరని పేరేగానీ, మార్చి మధ్యాహ్నం రేకుల కింద కూర్చుంటే తెలుస్తుంది ఫ్యాను విలువ.

నేను ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. పదకొండేళ్లుగా మా పేటలో ఒక ట్రస్టు నడిపే బడికి జీతం లేకుండా లెక్కలు రాస్తున్నాను. సాయంత్రానికి పైసలతో సహా టాలీ కాకపోతే అన్నం సహించని పాత రోగం నాది. మా బడిలో 11 ఫ్యాన్లున్నాయి, అందులో 8 దానంగా వచ్చినవే. ఒకదాని మూడు రెక్కల మీద ఎర్ర పెయింటుతో దాత ఇంటిపేరు, పేరు, ‘తండ్రిగారి జ్ఞాపకార్థం’ అని తలా ఒక ముక్క రాశారు. స్విచ్చి వేస్తే అన్నీ కలిసిపోయి ఎర్రటి సున్నా కనిపిస్తుంది. కరెంటు పోయినప్పుడు మాత్రం రెండో తరగతి పిల్లలు తలలు పైకెత్తి కూడబలుక్కుని చదువుతారు. ‘జ్ఞాపకార్థం’ అనే మాట వాళ్లు నేర్చుకున్నది ఏ పాఠంలోనూ కాదు, ఆ రెక్క మీదే.

సరే, లెక్కకు వస్తాను. పిల్లలు 142 మంది, టీచర్లు 9 మంది. నెల ఫీజు 650. అందరూ కడితే 92,300 రావాలి. నా పుస్తకంలో ఏ నెలా 70 వేలు దాటలేదు. టీచర్లకు తలా 11 వేల చొప్పున జీతాలే 99 వేలు. సగం మంది తల్లిదండ్రులు టమోటా మార్కెట్టులో బాక్సులు మోసేవాళ్లు, గ్రేడింగు చేసేవాళ్లు. ఇంకొందరు నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరల మగ్గాల మీద కూలికి నేసేవాళ్లు. 2023 జూలైలో కిలో టమోటా వంద దాటి పరుగెత్తిన రోజుల్లో పాత బాకీలు కూడా కట్టి వెళ్లారు. ధర పడిపోయిన నెలలో ఆఫీసు గుమ్మం దగ్గరే నిలబడి, ‘కాయకు రేటు లేదు సార్’ అంటారు. అంతకుమించి వాళ్లూ చెప్పరు, నేనూ అడగను.

పిల్లల చదువుకని ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు వస్తోంది కదా, ఫీజు కట్టడానికేం అని ఒక స్నేహితుడు నిలదీశాడు. వస్తోంది, తల్లి ఖాతాలోనే పడుతోంది. అది పడిన వారంలోనే వచ్చి బాకీ తీర్చి రసీదు అడిగి తీసుకునే తల్లులు ఉన్నారు. ఖాతాలో పడకముందే ఖర్చయిపోయి ఉండే ఇళ్లూ ఉన్నాయి. బాకీ ఉందని పిల్లను ఎండలో నిలబెట్టే బడి కాదు మాది. అందుకే ఈ లోటు.

ఇంతకీ ఆ జీతాలకు ఏం చదువు వస్తోందంటారా? మూడేళ్ల కిందట నాలుగో తరగతిలో ఒక అమ్మాయి చేరింది. అమ్మానాన్నలు పంట కోతల వెంట తిరిగేవాళ్లు, పిల్ల అప్పటికే మూడు బళ్లు మారింది. అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు. ఒత్తు కనిపిస్తే మాత్రం అక్కడే ఆగిపోయేది, లేదంటే దాన్ని వదిలేసి ముందుకు పోయేది. బస్సు బోర్డు చూపించి చదవమంటే ‘మదనపలె’ అంది. సొంత ఊరి పేరే!

మా తెలుగు టీచరమ్మ ఆ పిల్లకు రోజూ ఒంటి గంట నుంచి రెండింటిదాకా కార్డులతో నేర్పింది. ఈ కార్డుల పద్ధతి మా సొంతం కాదు. మాకు దగ్గర్లోని రిషివ్యాలీ స్కూలు వారి గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లోని ఒంటిగది బళ్ల కోసం దాన్ని తయారుచేసింది. పుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొడతారు, గోడ మీద నిచ్చెన గీస్తారు, ఎవరు ఏ మెట్టు మీద ఉంటే అక్కడి నుంచే ఎక్కుతారు. కర్ణాటక ప్రభుత్వ బళ్లలో ‘నలి కలి’ అనే బోధన పద్ధతి మొదలైంది కూడా దీన్ని చూసే. మా టీచరమ్మ దాన్ని చూసి, అట్టముక్కలు కత్తిరించి, తన చేతిరాతతో కార్డులు చేసుకుంది. లకు ల వత్తుకే ఆరు కార్డులు: పల్లె, మల్లె, బెల్లం, గొల్లభామ, చెల్లి, అల్లం. మూలలు చిరిగి, పిల్లల చేతి చెమటకు నల్లబడి, మళ్లీ కొత్తవి రాయాల్సి వస్తోంది. లామినేషనుకు కార్డుకు 15 రూపాయలు అడుగుతున్నారు. ఆ పిల్ల ఇప్పుడు ఏడో తరగతికి వచ్చింది. అసెంబ్లీలో మీ పత్రిక హెడ్డింగులు చదివేది తనే.

ఆ గంట ఎవరి ఖాతాలోదో చెప్పండి. దానికి ప్రారంభోత్సవం ఉండదు, రిబ్బను ఉండదు, ఫొటో తీస్తే కార్డు పట్టుకున్న పిల్ల, పక్కన అలసిపోయిన టీచరు తప్ప ఏమీ కనిపించదు. అందుకే దానికి దాత దొరకడు. అదే ఒక కంపెనీ వాళ్లు వచ్చి గోడకు పెద్ద స్మార్ట్ టీవీ బిగించి, బ్యానర్ కట్టి, ఫొటోలు తీసుకుని వెళ్లారు. అందులోని పాఠాలకు ఏడాదే గడువు. అది అయిపోయాక ఫోన్ చేస్తే, ఆ బడ్జెట్టు పోయిన సంవత్సరానిదండీ అన్నారు. దుమ్ము పడకుండా దానికి ఒక పాత చీర కప్పాం.

మా ఊరివాళ్లం ఎవరు కనపడినా గొప్పగా చెప్పుకునే సంగతి ఒకటుంది. 1915లో అనీబిసెంట్ పెట్టిన కాలేజీకి 1919లో టాగూరు వచ్చి, జనగణమనను ఇంగ్లీషులో రాసింది ఇక్కడేనని. అదే టాగూరు బడి కోసం చందాలకు తిరిగిన సంగతి ఎవరం ఎత్తం. 1936లో, 75కి దగ్గరపడ్డ వయసులో, తాను పెట్టిన విశ్వభారతి ఖర్చులకు చాలక నృత్యనాటక బృందాన్ని వెంటేసుకుని ఊరూరా ప్రదర్శనలిస్తూ ఢిల్లీ చేరారాయన. గాంధీజీ చూడలేక 60 వేల రూపాయలు సమకూర్చి, మిగతా ప్రదర్శనలు మానుకోమన్నారు. ఆ డబ్బు ఇచ్చినవారు అప్పుడు పేరు బయటపెట్టుకోలేదు. నా లెక్కల్లో అలాంటివాళ్లు ఇద్దరున్నారు. ఒకాయన నేతపని చేస్తారు. మనవడు మా దగ్గర చదివి వెళ్లిపోయి ఆరేళ్లయింది. ఇప్పటికీ ఒకటో తారీఖున 200 తెచ్చి బల్ల మీద పెట్టి, మంచినీళ్లు తాగి వెళతారు. పేరు గోడ మీద రాయొద్దంటారు. నా రసీదు పుస్తకంలో మాత్రం రాయక తప్పదు. పేరు లేని విరాళాలు ఒక హద్దు దాటితే ట్రస్టుకే పన్ను పడుతుంది.

పన్ను మాట వచ్చింది కాబట్టి, నన్ను అందరూ అడిగేది కూడా చెప్పేస్తాను. 80జీ అని అందరూ పిలిచే పన్ను మినహాయింపు గుర్తింపు ఉన్న ట్రస్టుకు ఇస్తే ఇచ్చినదాంట్లో సగానికి మినహాయింపు ఉంటుంది, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు మాత్రమే. నగదైతే 2,000 దాటితే అదీ రాదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇండియా పాస్‌పోర్టుతోనే ఉంటే సొంత సంపాదనలోంచి ఇక్కడి ఖాతా ద్వారా పంపుకోవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది, దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి. అది లేని చిన్న బడికి పంపి ఇబ్బంది పెట్టకండి. ఇండియాలో ఉన్న మీ అన్నయ్యను తన సొంత డబ్బులోంచి ఇమ్మనండి.

మా బడి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే ఇది ఉత్తరం కాదు, ప్రకటన. ఇలాంటి బడి మీ వీధిలోనూ ఉండే ఉంటుంది. ప్రభుత్వ బడి దగ్గరుంటే ముందు దానికే ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఎవరికిచ్చినా లెక్కల పుస్తకం చూపించమని అడగండి. చూపించకపోతే లేచి వచ్చేయండి. చూపిస్తే, జీతాల పేజీ తీసి, నెలకు 500 చొప్పున ఏడాదికి సరిపడా ఇస్తానని చెప్పండి. మాకు అలా ఇచ్చేవాళ్లు 23 మంది. 60 మంది ఉంటే జీతాల లోటు పూడుతుంది.

చాలా చిన్న బళ్లలో ఏప్రిల్, మే జీతాలు ఉండవు. మేం ఎలాగోలా పన్నెండు నెలలూ ఇస్తూ వచ్చాం. ఈసారి ఏప్రిల్‌ది ఇచ్చాం, మే నెలది ఇంకా కూడలేదు. ఆ కార్డుల టీచరమ్మకు పక్క ఊళ్లో ఒక పెద్ద స్కూలు 16 వేలు ఇస్తామందట. జూన్ 12న బడి తెరుస్తాం, పదో తారీఖుకల్లా ఏ సంగతీ చెబుతానంది. ఉండమని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
మదనపల్లె