సీఎంబీ–భారత్‌పై ఇస్రో తేల్చి చెప్పాలి

సంపాదకునికి నమస్కారం.

విశ్వం తొలినాటి వెలుగును ఆకాశమంతటా కొలిచే ఉపగ్రహం కావాలని మన శాస్త్రవేత్తలు 2018లో ఇస్రో ముందు ఒక ప్రతిపాదన పెట్టారు. దాని పేరు సీఎంబీ–భారత్. సీఎంబీ అంటే కాస్మిక్ మైక్రోవేవ్ బ్యాక్‌గ్రౌండ్, అంటే ఆ తొలి వెలుగే. చంద్రయాన్ గురించి ఇంటింటా మాట్లాడుకునే మనం దీన్ని పట్టించుకోకపోవడం నన్ను బాధిస్తోంది.

విశ్వానికి 3,80,000 ఏళ్ల వయసున్నప్పుడు బయల్దేరిన ఆ వెలుగు చల్లబడి, 2.7 కెల్విన్ (సుమారు మైనస్ 270 డిగ్రీల సెల్సియస్) మైక్రోవేవ్ వికిరణంగా నేటికీ అన్ని దిక్కుల నుంచీ మనల్ని చేరుతోంది. దాన్ని విశ్వం పసినాటి ఫొటో అని మాత్రమే చెప్పి ఊరుకుంటే సగం సంగతి వదిలేసినట్లే. దారిలో ఎదురైన కృష్ణపదార్థం, అంటే వెలగని, కంటికి కనిపించని పదార్థం, గురుత్వాకర్షణతో ఆ వెలుగును వంచుతుంది. వంపు ఎంత? చందమామ వెడల్పులో సుమారు పన్నెండో వంతు! ఆ కాస్త వంపును లెక్కగట్టే ఐరోపా వారి ప్లాంక్ ఉపగ్రహం దాదాపు ఆకాశమంతటా పదార్థం ఎక్కడెక్కడ పోగుపడిందో పటం గీసింది. చిలీలోని అటకామా టెలిస్కోపు బృందం 2023లో పావు వంతు ఆకాశానికి ఇంకా స్పష్టమైన పటం ఇచ్చింది. గెలాక్సీ సమూహాల్లోని వేడి వాయువు కూడా ఈ వికిరణంపై నీడలాంటి జాడ వదులుతుంది. సోవియట్ శాస్త్రవేత్తలు సున్యాయెవ్, జెల్డోవిచ్ ముందే లెక్కగట్టి చెప్పిన ఆ జాడను బట్టి దక్షిణ ధ్రువ టెలిస్కోపు అంతవరకూ ఎవరికీ తెలియని సమూహాలను కనిపెట్టింది. టెలిస్కోపుకు చిక్కే గెలాక్సీలనే లెక్కపెడితే వెలిగేవి మాత్రమే తెలుస్తాయి. విశ్వంలోని పదార్థంలో అధిక భాగం వెలగనిదే కదా.

2013లో ప్లాంక్ పని ముగిశాక ఈ కొలతల కోసం మరో ఉపగ్రహం ఎగరలేదు. గాలిలోని తేమ మైక్రోవేవ్‌లను మింగేస్తుంది కాబట్టి నేల మీది టెలిస్కోపులకు హద్దులున్నాయి. పైగా నేల మీది టెలిస్కోపులతోనే ఈ వికిరణాన్ని కొలవాలనుకున్న సీఎంబీ–ఎస్4 అనే భారీ ప్రాజెక్టుకు అమెరికా ప్రభుత్వ సంస్థలు 2025లో మద్దతు ఉపసంహరించుకున్నాయి. ముందుకు రావలసిన సమయం ఇదే. మనకు చేతకాదనే మాట నేను ఒప్పుకోను. సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని సరస్వతి అనే గెలాక్సీల మహాసమూహాన్ని 2017లో ప్రపంచానికి చూపింది పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకా శాస్త్రవేత్తల నాయకత్వంలోని బృందమే. ప్రపంచ దేశాలు కలిసి నక్షత్ర పటం తయారుచేసిన రోజుల్లో మన హైదరాబాద్ నిజామియా వేధశాల కూడా తన వంతు ఆకాశాన్ని కొలిచింది.

సీఎంబీ–భారత్ ఏ దశలో ఉందో ఇస్రో బహిరంగంగా ప్రకటించాలి. ఒకవేళ కాదంటే కారణాలు చెప్పాలి. ఈ వికిరణాన్ని పసిగట్టడానికి, పరమశూన్య ఉష్ణోగ్రతకు (సుమారు మైనస్ 273 డిగ్రీల సెల్సియస్) అతి చేరువలో పనిచేసే డిటెక్టర్లను ఇక్కడే తయారుచేసే ప్రయోగశాలలకు, ఉపగ్రహంపై నిర్ణయం కోసం ఆగకుండా, ఈ బడ్జెట్‌లోనే నిధులివ్వాలి.

— ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, హన్మకొండ