గడప కింద కాణీ, ఇంటి నిండా గుంతలు

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

గుప్తనిధుల కోసం తవ్వకాలు, ఇంతమంది పట్టుబడ్డారు అని మీ జిల్లా పేజీలో వార్తలు వస్తానే ఉంటాయి, అవన్నీ గుళ్ళ దగ్గరో కొండల మీదో జరిగేవి. నేను రాసేది అంత పెద్ద సంగతి కాదు గాని నన్ను చాలా బాధ పెట్టిన సంగతి. ఊళ్ళల్లో ఖాళీగా పడున్న పాత ఇళ్ళల్లోకి మెటల్ డిటెక్టర్లు పట్టుకుని కుర్రోళ్ళు దూరి తవ్వుతున్నారు, దీని గురించి ఎవరూ రాయట్లేదు అందుకని నేనే రాస్తున్నా, కొంచెం పెద్దదైనా కట్ చెయ్యకుండా వెయ్యండి.

నాకు గుంటూరులో మోటార్ వైండింగ్ షాపు ఉంది. 26 ఏళ్ళుగా రాగి తీగ చుట్టటమే నా బతుకు. మొన్న ఎండాకాలంలో ఒక కుర్రాడు ఒక మెషిన్ తెచ్చాడు, పొడుగు కర్రకి కింద పళ్ళెం లాంటిది, పైన చిన్న డిస్‌ప్లే, ఆన్‌లైన్లో కొన్నాడంట, పళ్ళెం దగ్గర వైరు తెగి సౌండ్ రావట్లేదు. లోపల ఉంది మనకి రోజూ తెలిసిన కాయిలే. దాంట్లో కరెంటు అటూ ఇటూ మారతా ఉంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడతది, దాని కింద లోహం ఏదన్నా ఉంటే ఆ లోహంలో కూడా చిన్న కరెంటు సుడి తిరుగుద్ది, ఆ సుడి వల్ల పుట్టిన క్షేత్రం మళ్ళీ పైకి వస్తే మెషిన్ దాన్ని పట్టుకుని కుయ్ మంటది, అంతే. కింద ఉన్నది బంగారమే అని తేల్చి చెప్పటం దానికి చేతకాదు. ఇనుముకి ఒక రకం సౌండు, రాగికీ వెండికీ ఇంకో రకం, సిగరెట్ పెట్టెలో అల్యూమినియం కాగితానికీ సన్నటి బంగారు ఉంగరానికీ మాత్రం చాలాసార్లు ఒకటే సౌండు. రూపాయి బిళ్ళంత వస్తువైతే జానెడు లోతు, మహా అయితే ఇంకో రెండు అంగుళాలు, అది దాటితే ఈ సైజు మెషిన్లకి అందదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఇరవై అడుగుల లోతులో లంకెబిందెలు ఉన్నాయి మా మెషిన్ చూపిస్తది అని చెప్పి జనం దగ్గర డబ్బులు గుంజేవాళ్ళు ఉన్నారండి, చేతిలో రెండు కడ్డీలు పట్టుకుని అర కిలోమీటరు దూరం నుంచే బంగారం లాగుద్ది అంటారు. కాయిల్ చుట్టేవాడిగా చెప్తున్నా, అది పచ్చి మోసం. బియ్యం గింజల్ని లాక్కునే మహిమ గల రైస్ పుల్లింగ్ చెంబు అని ఎంతమందిని ముంచారో ఇదీ అదే.

సరే, సోల్డరింగ్ చేసి షాపు ముందు మట్టిలో ఒక ఇత్తడి వాషర్ పడేసి చూశాం, బాగానే మోగింది. ఆ సంతోషంలో కుర్రాడు ఫోన్ తీసి ఫోటోలు చూపించాడు. కూలిపోయిన ఒక వంటింట్లో మోకాలి లోతు గుంత, గుంత పక్కన ఒక కంచు చెంబు. చెంబు మూతి కింద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది, మన అమ్మమ్మలకి పెళ్ళి సామాను పెట్టేటప్పుడు సన్న ఉలితో కొట్టించేవాళ్ళు కదా అట్లా. ఒక పక్క సొట్ట పడింది, ముందు అక్షరాలన్నీ చిలుము కింద ఉన్నాయి, చివర 'మ్మ' ఒక్కటే తేటగా కనపడుతోంది. ఈ ఇల్లు ఎవరిది బాబూ అని అడిగితే, పాడుబడ్డ కొంపేగా అంకుల్ ఎవరిదీ కాదు అన్నాడు. మరి చెంబు ఏదీ అంటే పాత సామాన్ల కొట్లో కిలోల లెక్కన వేసేశాడంట.

ఎవరిదీ కాదు అన్న మాట దగ్గరే నాకు గుండె కలుక్కుమంది. మన పల్నాడు వైపు వెళ్ళినా తెనాలి వైపు వెళ్ళినా బజారుకి రెండో మూడో ఇళ్ళు తాళం పడి ఉంటాయి. పిల్లలు హైదరాబాదులో ఉంటారు, అమెరికాలో ఉంటారు, అన్నదమ్ముల వాటాలు తేలవు, ముసలమ్మ పోయాక ఇక తలుపు తీసే దిక్కు ఉండదు, పెంకులు జారి వాసాలకి చెదలు పట్టి మట్టిగోడ వానకి కరిగిపోతది. ఇల్లు పడిపోయింది గాని ఆ ఇంటివాళ్ళ హక్కు ఏం పడిపోలేదు కదండీ, ఆ చెంబుతో నీళ్ళు తాగిన మనవళ్ళు ఎక్కడో ఒకచోట బతికే ఉంటారు.

ఆ తర్వాత రెండు నెలలకి మా ఇంటి మీదకే వచ్చింది. మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు, తాతయ్య కట్టిన పెంకుటిల్లు, నానమ్మ పోయిన దగ్గర నుంచి ఖాళీ. మా బాబాయి ఫోన్ చేసి ఒరే ఇంట్లో ఎవరో గుంతలు తవ్వారు నువ్వు రా అంటే షాపు మూసేసి బండేసుకుని వెళ్ళాను. లెక్కపెడితే 11 గుంతలు. పొయ్యి గడ్డ పగలగొట్టారు, రోలు పెకలించి పక్కన పడేశారు, తులసికోట చుట్టూ తవ్వి వదిలేశారు, ఒక్కటి కూడా పూడ్చలేదు, పెరట్లో గుంతలో పక్కింటి వాళ్ళ దూడ కాలు ఇరుక్కుని కుంటతా ఉంది. అన్నిటికంటే ఘోరం ఏంటంటే సింహద్వారం గడప. టేకు గడప అండి, ప్రతి శుక్రవారం నానమ్మ పసుపు రాసి బొట్లు పెట్టిన గడప, దాన్ని గడ్డపారతో లేపేశారు.

గడప ఎందుకు లేపారో నాకు వెంటనే అర్థమైంది. మా వైపు ద్వారబంధం నిలబెట్టే రోజు గడప కింద నవధాన్యాలు పోసి పసుపు కుంకుమతో పాటు డబ్బు బిళ్ళలు కూడా వేస్తారు. మెషిన్ అక్కడ పెడితే మోగకుండా ఎందుకుంటది. మోగింది, లంకెబిందె అనుకున్నారు, తవ్వారు, రాగిబిళ్ళ కనపడేసరికి విసిరికొట్టి పోయారేమో. ఎందుకంటే గడప ముందు మట్టికుప్ప మీద నాకు ఒక చిల్లు కాణీ దొరికింది. ఒక పక్క కిరీటం, రెండో పక్క ఆకుల దండ, మధ్యలో పెద్ద చిల్లు, గోటితో గీకితే 1944 అని కనపడింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లోహం పొదుపు చెయ్యటానికి 1943 నుంచి 1947 దాకా వేసిన కాణీ అది, రూపాయికి 64 కాణీలు, 1957లో నయాపైసలు వచ్చాక ఆ లెక్కే పోయింది. మా నాన్న వీటిని వాషర్ల బదులు బోల్టులకి వేసేవాడు. ఇప్పటికీ చాలామంది ఇళ్ళల్లో ఉంటాయి, పెద్ద ధరేమీ పలకదు.

మా ఇంట్లో ఆ కాణీ విలువ వేరే అండి. ఈ ఇల్లు ఎప్పుడు కట్టారు అని మా బాబాయికీ మేనత్తకీ ఎప్పటి నుంచో వాదన. యుద్ధానికి ముందే కట్టారు అని ఆయన, కాదురా స్వతంత్రం వచ్చిన ఏడు కట్టారు అని ఆవిడ. కాగితం ముక్క ఏదీ లేదు. ఆ కాణీ గడప కిందే ఉండి ఉంటే 1944 కంటే ముందు ఆ గడప పెట్టలేదని తేలిపోయేది, మేనత్త మాటకే బలం వచ్చేది. కానీ కాణీ దొరికింది మట్టికుప్ప మీద. గడప కింద నుంచి వచ్చిందో, నానమ్మ కొంగు ముడిలోంచి ఎప్పుడో జారి వాకిట్లో మట్టిలో కలిసిపోయిందో ఇక ఎవరూ చెప్పలేరు. కాణీ ఎక్కడికీ పోలేదు, నా జేబులోనే ఉంది, పోయింది అది ఉన్న చోటు. చోటు పోతే అది చెప్పాల్సిన మాట కూడా పోయినట్టే, ఎడిటర్ గారూ ఈ ఒక్క సంగతి చెప్పటానికే ఇంత రాస్తున్నాను.

మన పాత గుంటూరు జిల్లా వాళ్ళకి ఇది కొత్త కాదు. అమరావతిలో బౌద్ధ స్తూపం ఉన్న చోటుని అప్పట్లో దీపాలదిన్నె అనేవాళ్ళు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కల్నల్ మెకంజీ వచ్చి చూసేటప్పటికే రాళ్ళ కోసం జనం దాన్ని తవ్వుతున్నారు, మధ్యలో నిధి ఉంటదని ఆశ కూడా ఉంది. ఎన్ని చెక్కుడు రాళ్ళు ఇళ్ళల్లోకీ మెట్లల్లోకీ పోయాయో, సున్నం బట్టీల్లో కాలిపోయాయో. మిగిలిన వాటిల్లో చాలావాటిని చూడాలంటే మనం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంకో లండన్‌కో పోవాలి. అదే భట్టిప్రోలు చూడండి, 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపం దిబ్బలో నుంచి రాతి పెట్టెలు తీసినప్పుడు ఏది ఎక్కడుందో రాసి పెట్టుకున్నాడు, వాటి మీద అక్షరాలని ఇవాళ్టికీ పండితులు చదువుతున్నారు. పాత ఊళ్ళు మట్టిలో కలిసిపోయిన పాటిదిబ్బల సంగతైతే చెప్పనే అక్కర్లేదు, మా చిన్నప్పుడు పాటిమట్టి తోలిన చేలో పూసలు, నల్ల కుండపెంకులు ఏరుకుని ఆడుకునేవాళ్ళం, అవి ఎన్ని వందల ఏళ్ళవో మాకు చెప్పిన వాళ్ళు లేరు.

మెషిన్ తప్పు అని నేను అనట్లేదు. ఇంగ్లాండులో 1992లో హాక్సన్ (Hoxne) అనే ఊళ్ళో ఒక రైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు, స్నేహితుడిని పిలిచి డిటెక్టర్‌తో వెతకమన్నాడు. సుత్తి కోసం చూస్తే రోమన్ల కాలం నాటి బంగారు వెండి నాణేలు మోగాయి. ఆ స్నేహితుడు కొంచెం తీసి చూసి, ఇది మామూలుది కాదు అని తవ్వటం ఆపేసి కబురు పెట్టాడు. మర్నాడు పురావస్తు వాళ్ళు వచ్చి మట్టిలో ఉన్నది ఉన్నట్టు పద్ధతిగా తీశారు, 14 వేలకు పైగా నాణేలు, అవి ఉన్న చెక్కపెట్టె ఆనవాళ్ళతో సహా. ఆయనకి 17.5 లక్షల పౌండ్లు ఇచ్చారు, ఆయన రైతుతో పంచుకున్నాడు. ఆ సుత్తి కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది. అక్కడ 1997 నుంచి ఇంకో ఏర్పాటు కూడా ఉంది, నిధి కాకపోయినా సరే గుండీ దొరికినా బకిల్ దొరికినా తీసుకెళ్ళి చూపిస్తే ఎక్కడ దొరికిందో రాసుకుని వస్తువు మళ్ళీ చేతికి ఇచ్చేస్తారు, అట్లా రాసుకున్నవి 10 లక్షలు దాటాయి.

మనకీ చట్టం లేకపోలేదు, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం. నేలలో దాగి ఉన్న వస్తువు విలువ పది రూపాయలు దాటితే ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు అని కలెక్టర్‌కి రాసి ఇవ్వాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. కానీ జనానికి తెలియని ముక్క ఏంటంటే అదే చట్టంలో దొరికిన వాడికి వాటా కూడా ఉంది. హక్కుదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే తీసినవాడికి నాలుగింట మూడు వంతులు, స్థలం ఆసామికి మిగతా ఒక వంతు. ప్రభుత్వమే ఉంచుకోవాలనుకుంటే లోహం విలువ మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం, విగ్రహం లాంటివి పురావస్తువుల కిందకి వస్తాయి, ఇష్టం వచ్చినట్టు బయటి దేశాలకి పంపటానికి లేదు. ఇవేవీ మా ఊళ్ళో ఎవరికీ తెలియవు. వాళ్ళకి తెలిసింది ఒకటే, చెప్తే పోలీసులు వస్తారు, ఇల్లు మొత్తం తవ్వేస్తారు, స్థలం లాగేసుకుంటారు. ఆ భయంతోనే దొరికింది దొరికినట్టు కొట్టుకి పోయి కరిగిపోతోంది.

అందుకని అధికారులకి మీ పేపర్ ద్వారా నా మనవి. ప్రతి గ్రామ సచివాలయంలో ఒక రిజిస్టర్ పెట్టండి, పాత వస్తువు ఏది దొరికినా ఫోటో తీసి, చోటు రాసుకుని, రసీదు ఇవ్వండి, విజయవాడ బాపూ మ్యూజియంలోనో పురావస్తు శాఖ ఆఫీసులోనో చూసి చెప్పే మనిషిని ఒకరిని కేటాయించండి. ఫోన్ చేసిన వాడిని దొంగలా చూడకండి. డిటెక్టర్ అమ్మేవాళ్ళు డబ్బాలో తెలుగులో ఒక కాగితం పెట్టాలి, ఇంటి ఆసామి ఒప్పుకోకుండా దూరకూడదు, గుడి దగ్గరా రక్షిత కట్టడం దగ్గరా అసలు తవ్వకూడదు, తీసిన గుంత పూడ్చాలి అని. పేపర్ వాళ్ళకి కూడా ఒక మాట, ఏమనుకోకండి. పాత బిందె ఒకటి దొరికితే చాలు కోట్ల విలువ చేసే నిధి అంట అని హెడ్డింగ్ వస్తది, ఆ రాత్రే పక్క ఊళ్ళో నాలుగు ఇళ్ళల్లో గడ్డపారలు లేస్తాయి. అట్లా వెయ్యకండి.

మా ఇంట్లో ఆ గుంతలు పూడ్చే ముందు ఆ కుర్రాడినే పిలిచాను, మెషిన్ తీసుకుని రమ్మన్నాను. మా ఇంటిని తవ్వింది తను కాదన్నాడు, నేను నమ్మాను. బాబాయిని అరుగు మీద కూర్చోబెట్టి ముగ్గురం కలిసి పెరడంతా చూశాం, మోగిన ప్రతి చోటా నుయ్యి దగ్గర నుంచి ఎన్ని అడుగులో నోట్‌బుక్‌లో బొమ్మ గీసి రాశాక తీశాం. అరిగిపోయిన నాగలి కర్రు, ఎడ్లబండి ఇరుసు శీల, ఇంకా చాలా మేకులు. కొట్టం మూల నుంచి నాలుక ఊడిపోయిన చిన్న గంట ఒకటి వచ్చింది, అది చూడగానే బాబాయి ఇది పుల్లెద్దు మెడదిరా అని ఆ ఎద్దు కథ మొత్తం చెప్పాడు, అది ఎప్పుడు కొన్నారు, కాలవలో ఎట్లా దిగబడింది, పోయినప్పుడు తాతయ్య రెండు రోజులు అన్నం తినకపోవటం. ఆ కుర్రాడు పక్కనే కూర్చుని మొత్తం విన్నాడు.

వెళ్ళేటప్పుడు నేను అడగకుండానే తనే ఆ చెంబు ఫోటో నా ఫోన్‌కి పంపించాడు, అది తీసిన ఊరు, బజారు కూడా చెప్పాడు. ఇద్దరం కలిసి పాత సామాన్ల కొట్టుకి వెళ్తే ఆ లోడు వెళ్ళి నెల పైనే అయింది అన్నాడు కొట్టు ఆయన. వచ్చే ఆదివారం ఆ ఊరు వెళ్తున్నాం, పేరు చివర 'మ్మ' ఉన్న ఆ ఇంటావిడ తాలూకు మనుషులు ఎవరన్నా ఉంటే కనీసం ఫోటో అయినా ఇచ్చి వద్దామని.

ఇట్లు,
మోటార్ వైండింగ్ షాపు నడుపుకునే మీ పాఠకుడు,
గుంటూరు.