పెన్‌డ్రైవ్ మీద లినక్స్: అమ్మాయికి ఉత్తరం

విజయనగరం

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

నీ ల్యాప్‌టాప్‌కు విండోస్ కాలం చెల్లింది, కొత్తది కావాలని నువ్వంటే నేను తేల్చి చెప్పలేదని అలిగావట, అమ్మ చెప్పింది. ఫోనులో చెబితే సగం వింటావు, అందుకే రాస్తున్నాను.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నీ ల్యాప్‌టాప్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదు కాబట్టి దానికి విండోస్ 11 అర్హత లేదు. అంతవరకు నీ మాట నిజమే. కానీ దాని స్క్రీనుకు, కీబోర్డుకు ఏ రోగమూ లేదు. 4 జీబీ ర్యామ్ ఉంది, విండోస్ బదులు ఉచితంగా వాడుకునే లినక్స్ మింట్ ఇబ్బంది లేకుండా నడవడానికి అది చాలు. అలాంటి యంత్రాన్ని పాతసామాన్లవాడికి ఇవ్వడానికి నాకు మనసొప్పదు. ముందు మింట్ పెట్టి చూడు, తర్వాత అలుగుదువుగాని.

మింట్ సొంత సైటులోంచే ఐఎస్ఓ ఫైల్ దించుకో, మింట్ మొత్తం ఆ ఒక్క ఫైలులోనే ఉంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకో, తేలికగా ఉంటుంది. దాదాపు 3 జీబీ అవుతుంది కాబట్టి హాస్టల్ వైఫై ఖాళీగా ఉన్న వేళ పెట్టుకో. పెన్‌డ్రైవ్ 8 జీబీది చాలు. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, నీ ప్రాజెక్టు ఫైళ్లు ముందే వేరేచోట దాచుకో.

ఐఎస్ఓ ఫైల్‌ను మామూలుగా కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పడేస్తే కంప్యూటర్ లేవదు. ఫ్లెక్స్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉన్నంత మాత్రాన ఫ్లెక్స్ గోడకెక్కదు కదా! ఆన్ చేయగానే యంత్రం వెతికేది బూట్ లోడర్‌ను, అంటే సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్‌ను. అది తనకు తెలిసిన చోట, తనకు అర్థమయ్యే రూపంలో ఉండాలి. ఆ పని చేసిపెట్టేది రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్. తెరిచాక డివైస్ దగ్గర నీ పెన్‌డ్రైవ్ ఉందో లేదో సైజు చూసి నిర్ధారించుకో. రెండు డ్రైవులు గుచ్చి ఉన్నప్పుడే కొంపలు మునుగుతాయి. తర్వాత సెలెక్ట్ నొక్కి ఐఎస్ఓ చూపించు. పార్టిషన్ స్కీమ్, అంటే డ్రైవును భాగాలు చేసే పద్ధతి, జీపీటీ పెట్టు. యూఈఎఫ్ఐ అనే కొత్తతరం స్టార్టప్ వ్యవస్థ ఉన్న యంత్రానికి అదే సరి. స్టార్ట్ నొక్కాక ఏ పద్ధతిలో రాయాలని అడిగితే అది సిఫారసు చేసినదే ఉంచు.

స్టార్ట్ నొక్కే ముందు ఇంకొక పని ఉంది, చాలామంది బద్ధకించేది ఇక్కడే. ఫైలు చెడకుండా దిగిందో లేదో తేల్చుకోవడానికి సైటులో ప్రతి ఐఎస్ఓకు 64 అక్షరాల ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్య ఇస్తారు. రూఫస్‌లోనూ ఆ లెక్క కట్టే బటన్ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చు. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు మళ్లీ దించుకో.

రాయడం అయ్యాక షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ నొక్కు. త్వరగా లేవడానికి విండోస్‌లో ఉండే ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా మూతపడదు. నీది లెనోవో కాబట్టి తెర నల్లగా ఉన్నప్పుడే ఎఫ్12 టకటకా కొడుతూ ఉండు, దేని నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ మెనూ వస్తుంది. అందులో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే హార్డ్ డిస్కు జోలికి పోకుండానే మింట్ తెరుచుకుంటుంది. వైఫై, శబ్దం, కెమెరా, ప్రింటర్ అన్నీ చూడు. కొన్ని వైఫై చిప్‌లు వెంటనే పలకవు. అప్పుడు ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకో, ఫోను ఇంటర్నెట్టే ల్యాప్‌టాప్‌కు వస్తుంది. పెన్‌డ్రైవ్ మీద నడుస్తోంది కాబట్టి కాస్త మందకొడిగా ఉంటుంది, అది చూసి తీర్పు చెప్పేయకు. ఆపేస్తే నువ్వు అక్కడ చేసినదేదీ మిగలదని కూడా గుర్తుంచుకో.

డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ బొమ్మ ఊరిస్తుంది. దాన్ని మాత్రం ముట్టుకోకు. అందులో డిస్క్ చెరిపేసే ఎంపిక ఒకటి ఉంది, దాన్ని ఒప్పుకుంటే నీ ఫొటోలు, నోట్సు అన్నీ పోతాయి.

ఇంత చెప్పి మన ప్రింటింగ్ షాపులో మింట్ ఎందుకు పెట్టవంటావేమో. పెట్టను. శుభలేఖలన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో, యూనికోడ్ కాని పాత అనూ తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. అవి విండోస్‌కే కట్టుబడినవి. నీకు ఆ బెడద లేదు. నువ్వు ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోనే టైపు చేస్తావు, మింట్‌లో ఉత్తరాలు, లెక్కలు రాసుకునే లిబ్రాఫీసు ఉంటుంది, ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు అమరిక కలుపుకుంటే తెలుగు చక్కగా వస్తుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్, ఛార్జర్ రెండూ తెచ్చుకో. బ్యాకప్‌కు షాపులో హార్డ్ డిస్కు ఉంది. అన్నీ సరిగ్గా పనిచేస్తే పండగ మూడు రోజుల్లో ఇద్దరం కూర్చుని ఇన్‌స్టాల్ చేద్దాం. వైఫై గాని కెమెరా గాని మొండికేస్తే కొత్తదాని ధర అప్పుడు మాట్లాడదాం.

నాన్న