వేలెడు చేపపిల్ల

బిడ్డా,

ఫోన్ ఎత్తితే అయిదు నిమిషాలకే మీ అమ్మ గుంజుకుంటుంది. అందుకే పెబ్బేరు చేపల కాలేజీకి ఉత్తరం రాస్తున్నాను.

మొన్న మన చెరువులో చేప విత్తనం వదిలాం. 2016 నుంచి సర్కారు ఉచితంగా ఇస్తున్న చేపపిల్లలు చాలవని మన మత్స్యకారుల సొసైటీ తరఫున ఇంకొంత కొన్నాం. పిల్లలున్న నీళ్ల కవర్లు రాత్రంతా లారీలో ఊగి ఊగి, నల్లగొండ దాటి తెల్లారి దిగాయి. కాసేపు చెరువు నీళ్లలో తేలనిస్తేనే పిల్లలకు ఆ చల్లదనం అలవాటవుతుంది కదా. తెచ్చినవాళ్లకు అంత ఓపిక లేదు, కోసి కుమ్మరించారు. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాను. 35 మిల్లీమీటర్లకు తగ్గకూడదని బేరం. నా చిటికెన వేలి మొదటి గీత దాటలేదు. సగం చచ్చి తేలాయి. మిగిలినవాటి కోసం గట్టు గడ్డిలో కొరమట్టలు కాచుకునే ఉన్నాయి. దాన్నే మన రాష్ట్ర చేపను చేసుకున్నాం, ఏం చెప్తాం!

బోరు కింద మన అర ఎకరం కుంట ఉంది కదా. అందులో బొచ్చె, రవ్వ పిల్లలను మనమే పెంచితే ఎట్లుంటుంది? మూడు రోజుల పిల్లలను తెచ్చి, తవుడు, పల్లిచెక్క వేసి రెండు మూడు నెలలు సాకితే వేలెడు అవుతాయి. వేలెడు పిల్లను కొరమట్ట అంత సులువుగా మింగలేదు. పెద్ద చేప పట్టేది నీళ్లు తగ్గిన ఎండాకాలంలోనే, ఆ తర్వాత మనవాళ్లు హైదరాబాద్‌కు కైకిలికి పోవాల్సిందే. పిల్లల పెంపకం వానాకాలం పని. మేత వేయడం, కొంగలు రాకుండా వల కప్పడం, లెక్కపెట్టి కవర్లు కట్టడం, ఇట్లా నలుగురైదుగురు ఆడవాళ్లకు ఊళ్లోనే కూలి పడుతుంది. లారీ కిరాయి పైసలూ ఇక్కడే తిరుగుతాయి.

అమ్మ పేరు మీద పెడితే కేంద్రం మత్స్య సంపద యోజనలో ఆడవాళ్లకిచ్చే 60 శాతం సబ్సిడీ. అయితే ముందు ఖర్చు మనమే పెట్టుకోవాలి. ఒక బర్రెను అమ్ముదామన్నందుకు మీ అమ్మ రెండు రోజులుగా మాట్లాడటం లేదు.

జర మీ సార్లను అడుగు. పిల్లలను వదిలే ముందు సబ్బు, నూనె కలిపి చల్లితే నీటి పురుగులు చస్తాయంటారు, అర ఎకరానికి ఎంత? మబ్బు పట్టిన తెల్లవారుజామున పిల్లలు గాలి అందక నోళ్లు తెరిచి పైకి వస్తే నాకు తెలిసింది బోరు నీళ్లు పైనుంచి కొట్టించడమే. అప్పుడే కరెంటు పోతే?

మృగశిరనాడు అమ్మ రవ్వ పులుసు పెట్టింది. నీ వాటా తలకాయ నేనే తిన్నాను.

మీ నాయిన