తేదీ నువ్వే చెప్పాలి

చిన్నీ,

ఎలా ఉన్నావమ్మా? కాళ్ళ వాపు తగ్గిందా? ఎడమవైపు తిరిగి పడుకోమని డాక్టరమ్మ చెప్పింది కదా, గుర్తుపెట్టుకుని పడుకుంటున్నావా?

ఇవాళ మా ఓడ ఎక్కడా ఆగదు. తెల్లారినప్పటి నుంచి చుట్టూ నీళ్ళే. మీ నాన్న పైడెక్కు మీద నడవడానికి వెళ్ళారు. నేను బాల్కనీలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఫోన్లో చెబుదామంటే ఇక్కడి వైఫైలో మాట మాటిమాటికీ తెగిపోతోంది. పైగా ఇది డబ్బుతో పని, అల్లుడుగారి సెలవుతో పని, అన్నిటికంటే ముందు నీ ఒంటితో పని. కాగితం మీద ఉంటే ఇద్దరూ తీరిగ్గా చదువుకుంటారు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. నిన్న ఇక్కడి ఫ్యూచర్ క్రూజ్ డెస్కులో, మనందరం కలిసి వెళ్ళే ప్రయాణానికి డిపాజిట్ కట్టాను. రెండు క్యాబిన్లకి. ఏ ఓడో, ఏ తేదీయో రాయించలేదు. నిన్ను అడగకుండా తేదీ పెట్టే పని నేను చెయ్యను. అందుకే కంగారుపడకుండా మొత్తం చదువు.

ఈ ప్రయాణానికి మీరిద్దరూ మాతో రావాల్సినవాళ్ళు. నీకు 24వ వారం ప్రయాణం మధ్యలో మొదలవుతుందని తెలిసి మానుకున్నావు. బయల్దేరే రోజుకి 24 వారాలు నిండకపోతే చాలనుకున్నాం మనం. కానీ తిరిగొచ్చేలోపు ఏ రోజున 24వ వారంలోకి అడుగుపెట్టినా చాలా కంపెనీలు ఎక్కనివ్వవు. అప్పుడు నీకు కోపం వచ్చింది, నాకూ బాధేసింది. ఇక్కడికొచ్చాక ఓడలో ఉన్న వైద్యశాల చూశాను. శుభ్రంగా ఉంది, డాక్టరు, నర్సులు ఉన్నారు. కానీ నెలలు నిండకుండా పుట్టిన బిడ్డని చూసుకునే ఏర్పాటు లేదు. ఒడ్డు ఎంత దూరమో కిటికీలోంచి చూస్తే తెలుస్తోంది. ఆ నియమం పెట్టినవాళ్ళ మీద నాకిప్పుడు ఏ కోపమూ లేదు. నువ్వు ఇంట్లో ఉన్నందుకు నిశ్చింతగా ఉన్నాను.

అయినా భోజనాల బల్ల దగ్గర రెండు కుర్చీలు ఖాళీగా కనిపించిన ప్రతిసారీ నువ్వే గుర్తొచ్చావు. రెండో రోజుకే మీ నాన్నతో అన్నాను, ఈసారి పిల్లలు లేకుండా రానని.

ఇక ఆ డెస్కు సంగతి. దాదాపు ప్రతి పెద్ద ఓడలోనూ ఇలాంటిది ఒకటి ఉంటుంది. రాయల్ కరేబియన్ వాళ్ళు నెక్స్ట్‌క్రూజ్ అంటారు, నార్వేజియన్ వాళ్ళు క్రూజ్‌నెక్స్ట్ అంటారు. డిస్నీ ఓడల్లో ఇలా తేదీ లేకుండా ముందే చేసుకునే బుకింగ్‌ని ప్లేస్‌హోల్డర్ అంటారట. పేరేదైనా పని ఒకటే. ఈ ప్రయాణం ఇంకా అయిపోకముందే వచ్చే ప్రయాణానికి డబ్బు కట్టించుకుంటారు, అందుకు బదులుగా కొంత మేలు చేస్తారు. మామూలు కంటే తక్కువ డిపాజిట్ తీసుకుంటారు. వచ్చే ప్రయాణంలో ఓడలోనే ఖర్చుపెట్టుకునేలా కొంత క్రెడిట్ ఇస్తారు. అది ఎన్ని రాత్రుల ప్రయాణం, ఎలాంటి క్యాబిన్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ క్రెడిట్ మిగిలిపోతే మామూలుగా చేతికి డబ్బు ఇవ్వరు, దిగేలోపు వాడేసుకోవాలి. టికెట్ ధర మాత్రం చాలాసార్లు బయట ఏజెంటు చెప్పేదే ఇక్కడా ఉంటుంది. కాబట్టి ఇక్కడ కొంటే చవక అని ఎవరైనా అంటే, టికెట్ చవకా, పైన ఇచ్చే క్రెడిట్ వల్ల చవకా అని అడగాలి. నేను అడిగాను.

వాళ్ళకి ఇంత తొందర ఎందుకో మీ నాన్న చెప్పారు. ఆయన లైబ్రరీలో పాత ఓడల చరిత్ర తిరగేస్తున్నారు. చలికాలంలో అట్లాంటిక్ దాటేవాళ్ళు తగ్గిపోతే, ఆల్బర్ట్ బాలిన్ అనే ఆయన ఊరికే నిలబడిపోయే ఓడని విహారానికి తిప్పితే ఏం అనుకున్నాడట. అలా 1891 జనవరిలో అగస్టా విక్టోరియా అనే ఓడ 241 మందితో మధ్యధరా సముద్రం వైపు వెళ్ళింది. ఇప్పటికీ లెక్క అదే. ఖాళీ క్యాబిన్‌తో ఓడ కదిలిందంటే ఆ డబ్బు మళ్ళీ రాదు. అందుకే మనసు నిండా సంతోషంగా ఉన్న మనిషిని ఓడలోనే పట్టుకుంటారు. అందులో తప్పేం లేదు. కానీ ఆ సంతోషంలో మనం సంతకం పెట్టే కాగితం మాత్రం చదువుకోవాలి.

మూడేళ్ళ కిందట మేం చదువుకోలేదు. నీకు అప్పుడు పూర్తిగా చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. అది మా మొదటి ప్రయాణం. ఆఖరి రోజు సాయంత్రం, డెస్కు ముందు పెద్ద లైను, సూట్‌కేసులు ఇంకా సర్దుకోలేదు. మాకు పది నిమిషాలు కూడా దొరకలేదు. డిపాజిట్ తక్కువని చెప్పారు, సరే అని ఒక తేదీ పెట్టేసి సంతకం చేశాం. తక్కువ ఎందుకంటే అది వెనక్కి రాని డిపాజిట్. ఆ మాట కాగితం మీద ఉంది, మేం చూసుకోలేదు. రెండు నెలలకి మీ నాన్న మోకాలి ఆపరేషన్. ఆ ప్రయాణమూ పోయింది, కట్టిన డబ్బూ పోయింది. ఎన్ని మెయిల్స్ పెట్టినా సంతకం చూపించారు. ఆయన మంచం మీద ఉండి, నా వల్లే కదా అని ఎన్నిసార్లు అన్నారో. డబ్బు కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అందుకే ఈసారి ఎక్కిన మూడో రోజే వెళ్ళి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. అందరూ ఊరు చూడ్డానికి దిగిపోయిన మధ్యాహ్నం అది. డెస్కులో ఒక అమ్మాయి ఒక్కతే ఉంది. నా ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళాను.

నేను ముందు నీ లెక్క చెప్పాను. ప్రసవానికి ఇంకా నాలుగు నెలలు. చాలా ఓడల్లో పసిబిడ్డని ఎక్కించాలంటే బయల్దేరే రోజుకి ఆరు నెలలు నిండాలి. వరుసగా మూడు రోజులు, అంతకంటే ఎక్కువ సముద్రం మీదే ఉండే ప్రయాణమైతే ఏడాది నిండాలి. మహాసముద్రం దాటేవన్నీ అందులోకే వస్తాయి. అంటే ఎంత తొందరపడినా ఇంకో పది నెలల దాకా మనకి కుదరదు. అదీ రేవుకీ రేవుకీ మధ్య ఎక్కువ దూరం లేని ప్రయాణమే అయ్యుండాలి. మేం కట్టిన డిపాజిట్ రెండేళ్ళ దాకా చెల్లుతుంది. ఈ పది నెలలు తీసేసినా పద్నాలుగు నెలలు నీ చేతిలో ఉన్నాయి. ఈలోపు వాడుకోకపోతే డబ్బు వెనక్కి ఇస్తారు. ఈ సంగతి నోటిమాటగా వదల్లేదు, కాగితం మీద ఆ లైను కింద పెన్నుతో గీయించి తెచ్చుకున్నాను.

తర్వాత నేను అడిగింది ఇది. మీ ఇద్దరికీ ఒక క్యాబిన్ తీసుకుని, బిడ్డ పుట్టాక పేరు చేర్చితే సరిపోతుందా అని. ఒళ్ళో పడుకునే పసిగుడ్డుకి వేరే చోటెందుకు అని నా ఆలోచన. ఆ అమ్మాయి స్క్రీన్ నా వైపు తిప్పింది. డెక్కు పటం మీద వరసగా చిన్న చిన్న రంగు గళ్ళు. కొన్నిటి మీద గోరంత త్రిభుజం గుర్తు. అది ఉంటేనే ఆ క్యాబిన్లో మూడో మనిషికి చోటున్నట్టు. లేకపోతే పసిబిడ్డ అయినా సరే మూడో పేరు ఎక్కదు. ఆ గుర్తు ఉన్న క్యాబిన్లో కూడా ముందే ముగ్గురని రాయించకపోతే, తర్వాత చేర్చడం కుదరకపోవచ్చు. ఎందుకంటే లెక్క మంచాలతో కాదు, లైఫ్‌బోట్లతో, అంటే ప్రమాదం వస్తే ఎక్కి బయటపడే పడవలతో. ఓడలో ఒక్కో భాగంలో ఉన్నవాళ్ళకి ఒక్కో లైఫ్‌బోటు కేటాయిస్తారు. అది నిండిపోతే క్యాబిన్లో ఊయల పట్టేంత చోటున్నా ఇంకో మనిషిని తీసుకోరు.

ఆ మాట వినగానే, ప్రమాదం వస్తే ఎక్కడికి రావాలో చూపించడానికి మొదటి రోజు మాతో చేయించిన డ్రిల్ గుర్తొచ్చింది. మేం నిలబడిన చోట నెత్తి మీదే మా పడవ వేలాడుతోంది, దాని పక్కన ఎంతమంది పడతారో అంకె రాసి ఉంది. 1912లో టైటానిక్ మీద దాదాపు 2,200 మంది ఉంటే పడవల్లో చోటు 1,178 మందికే ఉంది. ఆ తర్వాత 1914లో సముద్ర ప్రయాణాల భద్రత మీద కొన్ని దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. పుట్టి ఆరు నెలలైన బిడ్డని కూడా ఒక పూర్తి మనిషిగానే లెక్కపెడతారంటే నాకు ఎంతో నచ్చింది, చిన్నీ. చోటు కావాలి, ఉంది, ఇది నీది అని ముందే రాసిపెట్టడం.

అందుకని మీ క్యాబిన్ తీసుకునేటప్పుడు ముగ్గురికి సరిపోయేదే తీసుకుంటాం. ఇంకా పుట్టని బిడ్డ పేరు ఎలా రాయించాలో, తర్వాత ఎలా మార్చాలో మన ఏజెంటుని అడిగి ముందే తేల్చుకుందాం. ఏజెంటు వివరాలు ఇక్కడే ఇచ్చాను, బుకింగ్ ఆయన దగ్గరికే వెళ్తుంది. ఏజెంటు ఎవరో చెప్పకుండా వచ్చేస్తే తర్వాత మార్చుకోవడానికి కొద్ది రోజుల గడువే ఉంటుంది.

నిన్న సాయంత్రం మేమిద్దరం ఇంకో పని చేశాం. ఓడలోనే ఉన్నాం కదా అని, మీకు ఏ క్యాబిన్ బాగుంటుందో నడిచి చూసొచ్చాం. ఇంటి దగ్గర స్క్రీన్ మీద చూస్తే ఇది తెలియదు. ఎనిమిదో డెక్కులో, ఓడ మధ్యలో, లిఫ్టుకి అటు ఆరేడు తలుపుల అవతల నిలబడి మీ నాన్న గడియారం చూస్తూ రెండు నిమిషాలు చెవి ఒగ్గి విన్నారు. పైనా కిందా క్యాబిన్లే, సంగీతం లేదు, కుర్చీలు జరిపే చప్పుడు లేదు. మా క్యాబిన్ స్విమ్మింగ్ పూల్ కింద ఉంది. తెల్లవారుజామున ఐదుకే పైన కుర్చీలు ఈడ్చి సర్దుతుంటారు. పెద్దవాళ్ళం మేం సర్దుకుంటాం, బిడ్డ ఉలిక్కిపడి లేస్తే మళ్ళీ నిద్రపుచ్చాల్సింది నువ్వే. మధ్యలో ఉంటే ఊపు కూడా తక్కువ. మధ్య తలుపు ఉన్న జంట క్యాబిన్లు కూడా అక్కడున్నాయి. రాత్రి బిడ్డ ఏడిస్తే మీరు తలుపు తీస్తే చాలు, నేనే వచ్చి ఎత్తుకుంటాను. ఈ ఓడకి అక్కచెల్లెళ్ళలాంటి ఓడలు రెండున్నాయట, లోపల అమరిక ఇంచుమించు ఇలాగే ఉంటుంది. అవైనా మనకి పరవాలేదు.

స్నానానికి టబ్బు ఉండే క్యాబిన్లు తక్కువ, ఎక్కువ వాటిల్లో షవరే. బిడ్డకి గాలి నింపే చిన్న టబ్బు తీసుకెళ్దాం. డైపర్ వేసుకునే పిల్లల్ని కొలనులోకి రానివ్వరు, అది తెలుసుకునే ఉండు. ఊయల అడిగితే క్యాబిన్లో పెడతారు, కానీ బుకింగ్ అప్పుడే అడగాలి. కొన్ని ఓడల్లో ఆరు నెలల నుంచే పిల్లల్ని చూసుకునే నర్సరీ కూడా ఉంటుంది. నేను పక్కనుండగా ఆ అవసరం మనకి రాదు.

ఇక మీరు ఆలోచించుకోవాల్సింది. ప్రసవం అయ్యాక నీ ఒళ్ళు ఎలా ఉంటుందో ఇప్పుడే ఎవరం చెప్పలేం. నువ్వు సరే అన్నాకే తేదీ. అల్లుడుగారికి ఏ నెలలో సెలవు దొరుకుతుందో ఆయన్నే చెప్పమను, మమ్మల్ని చూసి మొహమాటపడొద్దని చెప్పు. బిడ్డకి పాస్‌పోర్ట్ తీసుకోవాలి, దానికి కాగితాలు కూడబెట్టడం మొదలుపెట్టే పని మీ నాన్నది. తేదీ పెట్టాక కూడా మిగతా డబ్బు కట్టాల్సింది చాలావరకు బయల్దేరడానికి మూడు నెలల ముందు. అప్పటిదాకా మనసు మారితే, వెనక్కి వచ్చే రకం డిపాజిట్ కాబట్టి ఏమీ పోదు. ఆ గడువు దాటాక మానుకుంటే మాత్రం కోత పడుతుంది, రోజులు దగ్గరపడేకొద్దీ కోత పెరుగుతుంది. కాబట్టి ఆ మూడు నెలల గుర్తు దగ్గర మనం ఇంకోసారి కూర్చుని మాట్లాడుకుందాం. వద్దనిపిస్తే ఆ రోజు వద్దను. నేను ఒక్క మాట కూడా అనను.

మీ నాన్న వచ్చారు. చెమటతో, సముద్రం గాలికి జుట్టంతా రేగిపోయి. నడక పదకొండు చుట్లట. ఆ డిపాజిట్ కాగితం ఆయన పాస్‌పోర్టులో పెట్టుకున్నారు, దాని వెనక ఏదో రాస్తున్నారు. అడిగితే చూపించారు. ఐదు గీతలు గీసి, నాలుగింటి మీద మన పేర్లు రాశారు. ఐదోది ఖాళీగా ఉంచారు.

ఎల్లుండి పొద్దున్న రేవు చేరతాం. ఈ ఉత్తరం అక్కడే పోస్టులో వేస్తాను. సిగ్నల్ రాగానే ఫోన్ చేస్తాను, ముందు నీ బీపీ ఎంతుందో చెప్పు.

అమ్మ