చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు: జాబితాలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి

పన్నెండో తరగతి తల్లిదండ్రులకు నమస్కారం.

అమెరికాలోని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలకు (ఒకే వృత్తికి పరిమితం కాకుండా అనేక విషయాలు కలిపి డిగ్రీ చదివించేవి) దరఖాస్తు చేస్తామంటున్న పిల్లలకు ఇది జాబితా తేల్చుకోవాల్సిన సమయం. ర్యాంకింగుల పేజీ తెరిచి పైనుంచి పది పేర్లు రాసుకొస్తే అది జాబితా అవదు. విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్, స్వార్త్‌మోర్, పొమోనా మంచి కాలేజీలే, కాదనం. కానీ అవి వచ్చిన దరఖాస్తుల్లో నూటికి పదిమందికి కూడా సీటివ్వడం లేదు. ఆ నాలుగింటినే నమ్ముకుంటే మార్చి నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలకపోవచ్చు.

ముందు డబ్బు సంగతి. చదువు మీద మాట్లాడాక ఫీజు చూద్దాం అనుకునే ఇళ్లలోనే తర్వాత కన్నీళ్లు వస్తున్నాయి. పేరున్న కాలేజీల్లో ఫీజు, హాస్టల్, భోజనం కలిపి ఏడాదికి 85 వేల డాలర్లు దాటడం ఇప్పుడు మామూలే. విదేశీ విద్యార్థుల విషయంలో కాలేజీలు మూడు రకాలు. ఇంటి ఆర్థిక స్థితి చూడకుండా సీటిచ్చి, అవసరమైనంతా సాయం చేసేవి కొన్నే. ఆమ్‌హెర్స్ట్ అలాంటిది, 2022 నుంచి బోడిన్ కూడా. రెండో రకం, మీరెంత కట్టగలరో చూసి మరీ సీటు నిర్ణయించేవి. సీటిచ్చాక మాత్రం లోటంతా భర్తీ చేస్తాయి. స్వార్త్‌మోర్, మెకలెస్టర్ ఈ కోవలోవి. మూడో రకం మెరిట్ స్కాలర్‌షిప్ కొంత ఇచ్చి మిగతాది మీకే వదిలేస్తాయి. వూస్టర్, నాక్స్, బెలాయిట్ ఇలా ఇస్తాయి. విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్‌లలో మెరిట్ స్కాలర్‌షిప్ అన్నదే లేదు, కాబట్టి ‘మా వాడికి మంచి మార్కులున్నాయి, తగ్గిస్తారు’ అనే లెక్క అక్కడ పనిచేయదు.

ఏ కాలేజీ ఏ రకమో తేల్చడానికి బ్రోషర్లు అక్కర్లేదు. కాలేజీ పేరుతో పాటు ‘కామన్ డేటా సెట్’ అని వెతకండి. ప్రవేశాలు, విద్యార్థులు, సాయం గురించి కాలేజీయే ఒకే నమూనాలో ప్రచురించే అంకెల పత్రం అది. అందులో హెచ్6 అనే చోట ఎంతమంది విదేశీ విద్యార్థులకు సాయం అందింది, సగటున ఎంత అందింది అని ఉంటుంది. బీ భాగంలో మొత్తం విదేశీ విద్యార్థులెందరో ఉంటుంది. ఉదాహరణకు, విదేశీయులు 200 మంది, సాయం పొందినవారు 40 మంది, సగటు 20 వేల డాలర్లు అని ఉంటే, అక్కడ పూర్తి సాయం మీద ఆశ పెట్టుకోకండి. అదే పత్రంలో సీ7లో దరఖాస్తుదారు చూపే ఆసక్తికి ఎంత విలువిస్తారో చెబుతారు. అది ముఖ్యం అన్నచోట ఆన్‌లైన్ సమావేశాలకు పేరు నమోదు చేసుకోవడం వృథా పోదు.

సాయం కోరేవారు చాలాచోట్ల సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఆన్‌లైన్ ఫారంలో ఇంటి ఆర్థిక వివరాలు నింపాలి. మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16. మన ఇళ్లలో పొరపాట్లు రెండు చోట్ల జరుగుతాయి. రూపాయల్లో మొదలుపెట్టి మధ్యలో డాలర్లు వేయడం ఒకటి. రెండోది వ్యవసాయ ఆదాయం. పన్ను లేదు కదా అని వదిలేస్తారు. అక్కడ అడిగేది ఆదాయం గురించి, పన్ను గురించి కాదు. పొలం ఉమ్మడి ఆస్తి అయితే మీ వాటా ఎంతో రాయండి, కాగితాలకు ఇంగ్లీషు అనువాదం సిద్ధం చేసుకోండి. మరొకటి: సీటు సులువవుతుందని మొదట ‘సాయం వద్దు’ అని టిక్కు పెడితే, తర్వాతి సంవత్సరాల్లో విదేశీ విద్యార్థులు అడిగే అవకాశం చాలా కాలేజీల్లో ఉండదు.

ఇక చదువు. కాలేజీ కేటలాగులో ముప్పై కోర్సులు కనిపిస్తాయి. వాటిలో నిజంగా ఏటా చెప్పేవి ఎన్ని అన్నదే ప్రశ్న. ఐదుగురు అధ్యాపకులున్న విభాగంలో ఒకరు సెలవు మీద వెళ్లినా ఒక పై స్థాయి కోర్సు ఆగిపోతుంది. అందుకని రిజిస్ట్రార్ పేజీలో గత నాలుగు సెమిస్టర్ల టైమ్‌టేబుళ్లు తీయండి. పిల్లలు చదవాలనుకున్న మేజరుకు (ప్రధాన విషయానికి) అవసరమైన కోర్సులను ఒక కాగితం మీద రాసి, ఏ సెమిస్టరులో చెప్పారో ఎదురుగా టిక్కు పెట్టమనండి. ఆపరేటింగ్ సిస్టమ్స్ రెండేళ్లకోసారే వస్తుంటే ఆ కాగితం మీదే బయటపడుతుంది. కంప్యూటర్ సైన్సులో సీట్లు నిండి వెయిటింగ్ లిస్టులో మిగలడం కూడా ఉంది, విభాగానికి మెయిల్ రాసి అడగండి.

పక్కనే మరో కాలేజీ ఉంటే ఈ లోటు చాలావరకు తీరుతుంది. క్లేర్‌మాంట్‌లో ఐదు కాలేజీలు నడిచి వెళ్లేంత దగ్గర. హేవర్‌ఫర్డ్, బ్రిన్‌మార్ విద్యార్థులు ఒకరి తరగతుల్లో ఒకరు కూర్చుంటారు. ఆమ్‌హెర్స్ట్, స్మిత్, మౌంట్ హోలియోక్‌ల మధ్య బస్సు ఉంది, కానీ ప్రయాణ సమయాన్ని టైమ్‌టేబుల్లో కలుపుకోవాలి. అయోవాలోని గ్రినెల్‌కు ఇలాంటి పొరుగు లేదు. శీతాకాల సెలవుల్లో హాస్టల్ తెరిచి ఉంటుందో లేదో ఇలాంటి చోట ముందే అడగాలి.

ఇంజనీరింగ్ కావాలంటే హార్వీ మడ్, స్వార్త్‌మోర్, స్మిత్, లఫాయెట్, బక్‌నెల్, యూనియన్‌లలో అక్కడికక్కడే ఉంది. మూడేళ్లు ఆ చిన్న కాలేజీలో, రెండేళ్లు వేరే విశ్వవిద్యాలయంలో అనే ‘3-2’ పద్ధతిని మాత్రం జాగ్రత్తగా చూడండి. రెండో చోట సీటుకు, సాయానికి హామీ ఉందా అని రాతపూర్వకంగా తెలుసుకోండి.

అర్థశాస్త్రం తీసుకునేవారు డిగ్రీ సీఐపీ కోడ్ (ఏ చదువు ఏ కోవలోదో చెప్పే అమెరికా ప్రభుత్వ సంఖ్య) అడగండి. 45.0603 అయితే చదువయ్యాక ఉద్యోగానుభవం కోసం 12 నెలలకు తోడు మరో 24 నెలలు ఉండేందుకు దరఖాస్తు చేసుకోవచ్చు. 45.0601 అయితే ఆ పొడిగింపు లేదు. తరగతి గదిలో పాఠాలు దాదాపు ఒకేలా ఉన్నా సరే.

చిన్న కాలేజీలు మూతపడుతున్నాయి కూడా. న్యూయార్క్ రాష్ట్రంలోని వెల్స్ కాలేజీ 2024 ఏప్రిల్ నెలాఖరున ప్రకటించి, ఆ సెమిస్టరుతోనే ఆగిపోయింది. ఐదేళ్ల డేటా సెట్లు పక్కపక్కన పెట్టుకుని విద్యార్థుల సంఖ్య ఏటా తగ్గుతోందేమో చూడండి. ఫీజులో భారీ రాయితీ ఇస్తామని వెంటపడే కాలేజీ విషయంలో ఇది తప్పనిసరి. అన్నట్టు, అయోవాలో కార్నెల్ కాలేజీ అని ఒకటుంది. న్యూయార్క్‌లోని కార్నెల్ విశ్వవిద్యాలయం వేరు. దరఖాస్తు పెట్టేటప్పుడు ఊరి పేరు కూడా చదవండి.

ఈ తరహా చదువే కావాలి, దూరం వద్దు అనుకునేవారు శ్రీసిటీలోని క్రియా, సోనీపత్‌లోని అశోకా విశ్వవిద్యాలయాలను ఇదే పద్ధతిలో పరిశీలించవచ్చు.

చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు పెట్టే కామన్ యాప్ ఇరవై కాలేజీల వరకు అనుమతిస్తుంది. మా దృష్టిలో ఎనిమిది చాలు, పది దాటితే వ్యాసాలు పలచబడతాయి. సీటొస్తే తప్పక చేరతామని ఒప్పుకుని ముందుగా పెట్టే దరఖాస్తు, ఎర్లీ డెసిషన్, ఒక్కచోటికే. గడువు సాధారణంగా నవంబరు 1 లేదా 15. ఆ ఒప్పందంపై విద్యార్థితో పాటు మీరూ, మా కౌన్సెలరూ సంతకం చేస్తారు, కాబట్టి రెండు చోట్ల పెట్టడానికి కుదరదు. ఒక్కో కాలేజీకి ఒక్కో కాగితం చొప్పున హెచ్6 అంకెలు, టైమ్‌టేబుల్ టిక్కులు, సీఐపీ కోడ్ రాసుకుని ఆగస్టు నెలాఖరులోగా కౌన్సెలింగ్ గదికి రండి. సిఫారసు లేఖలకు ఉపాధ్యాయులకు కనీసం మూడు వారాల గడువు ఇవ్వండి. దసరా సెలవుల్లో అడిగితే కష్టం.

ఇట్లు,
ప్రధానాచార్యులు