పొట్ట సర్జరీ ఫ్లెక్సీ మీద డాక్టర్ పేరేది?

సంపాదకులకు నమస్కారం.

అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర, సాయినగర్ ఆస్పత్రుల వీధుల్లో, బస్టాండ్ బయట ఈ మధ్య పొట్ట తగ్గించే సర్జరీల ఫ్లెక్సీలు ఎక్కువయ్యాయి. సర్జరీకి ముందు ఫొటో, తర్వాత ఫొటో, కింద ఈఎంఐ సౌకర్యం, పండగ డిస్కౌంట్, ఒక మొబైల్ నంబరు. చేసే డాక్టరెవరో, ఏం చదివారో మాత్రం ఉండదు. మందుల చీటీ మీద, ఫీజు రసీదు మీద డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు వేయాలని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి చెబుతోంది. ప్రకటనలిచ్చి పేషెంట్లను పిలుచుకోవడం తప్పని కూడా అందులోనే ఉంది. జ్వరం మాత్రలు రాసే చీటీకి అవసరమైన నంబరు, కడుపు కోసే పనిని అమ్మే ఫ్లెక్సీకి అక్కర్లేదా?

సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఈ సర్జరీకి నేను వ్యతిరేకం కాదు. రెండు మూడు కాన్పులయ్యాక, లేదా బాగా బరువు తగ్గాక, పొట్ట చర్మం మడతలుగా జారిపోయి, ఆ మడతల కింద చెమటకు ఒరిసి పుండ్లు పడి బాధపడే ఆడవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లతో ‘ఈ వయసులో నీకెందుకమ్మా సోకు’ అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అయితే టమ్మీ టక్ అనే ఈ సర్జరీ ఏమిటో తెలిసి వెళ్లాలి. నడుము ఈ చివర నుంచి ఆ చివర దాకా కోసి, మిగులు చర్మం, కొవ్వు తీసేసి, కాన్పుల్లో ఎడమైపోయిన పొట్ట కండరాలను దగ్గరికి లాగి కుట్టి, బొడ్డును మళ్లీ దాని చోట అమరుస్తారు. పూర్తి మత్తులో రెండు నుంచి నాలుగు గంటలు పట్టే పెద్ద ఆపరేషన్. మచ్చ జీవితాంతం ఉంటుంది, కొందరికి బొడ్డు కింద చాలాకాలం స్పర్శ తెలియదు. ఇంకా పిల్లల్ని కనాలనుకునేవాళ్లు ఆగడం మంచిది.

లైపోసక్షన్ వేరు. గొట్టంతో కొవ్వు పీల్చేస్తారు, జారిన చర్మం అలాగే ఉంటుంది. ఇక మగవాళ్ల బొజ్జ: గట్టిగా, బిగుతుగా ముందుకొచ్చిందంటే కొవ్వు ఎక్కువగా పేగుల చుట్టూ ఉన్నట్టే. దానికి ఈ రెండు సర్జరీలూ పనిచేయవు. ఫ్లెక్సీ మీద ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే ఈ మాట చెబుతారనుకోను.

అసలు నా బాధ సర్జరీ తర్వాతి రెండు వారాల గురించి. మా వీధిలో ఒకావిడ బెంగళూరులో చేయించుకుని మూడో రోజుకే కారులో ఇంటికొచ్చింది. నాలుగైదు గంటల ప్రయాణం, కాళ్లు ముడుచుకుని కూర్చోవడం. ఈ సర్జరీలో అన్నిటికన్నా భయపడాల్సింది కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం. కదలకుండా గంటల తరబడి కూర్చుంటే ఆ ప్రమాదం పెరుగుతుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. పొట్టకు డ్రెయిన్ గొట్టం వేలాడుతోంది. దాని చివరి బల్బులో రోజూ ఎంత నీరు చేరిందో కొలిచి రాసుకోవాలని, మామూలుగా 30 మిల్లీలీటర్ల లోపుకు తగ్గాకే గొట్టం తీస్తారని నేను చెబితేనే తెలిసింది. గొట్టం తీశాక చర్మం కింద నీరు చేరింది, చేత్తో తడితే కదులుతోంది. ఫోన్ చేస్తే ‘ఫొటో వాట్సాప్ చేయండి మేడమ్, టీం చూస్తుంది’ అన్నారు. ఇక్కడి నర్సింగ్ హోంకు పోతే ‘చేసినవాళ్ల దగ్గరికే వెళ్లండమ్మా’ అన్నారు. వాళ్లనూ తప్పుపట్టలేం, చేతిలో డిశ్చార్జి కాగితం కూడా సరిగా లేకపోతే ఏం చూసి ముట్టుకుంటారు? చివరికి ఒక పెద్ద డాక్టరు సిరంజితో నీరు తీసి పంపారు. ఆమె బాగానే ఉంది. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయాల్సిందే, వాట్సాప్ ఫొటోలతో గడిపే పని కాదు.

2022 మేలో బెంగళూరులోనే కొవ్వు తీసే సర్జరీ చేయించుకున్న 21 ఏళ్ల కన్నడ టీవీ నటి చనిపోయిన వార్త అందరం చదివాం. అందుకే అడగాలి: సర్జన్ ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ చేశారా? మత్తు డాక్టరు ఆసాంతం ఉంటారా? ఐసీయూ ఆ భవనంలోనే ఉందా? బీడీ, సిగరెట్ అలవాటుంటే కనీసం నాలుగు వారాల ముందే మానాలి, లేదంటే కుట్ల దగ్గర చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. షుగర్ అదుపులో ఉండాలి. అందం కోసమే అయితే ఇన్సూరెన్స్ ఇవ్వదు, పైగా జీఎస్టీ పడుతుంది. బొడ్డు దగ్గర హెర్నియా ఉందేమో ముందు చూపించుకోండి, ఉంటే అది వైద్యం కిందికే వస్తుంది.

సర్జరీ బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో జరిగినా, మనుషులను పోగేసే కన్సల్టేషన్ గది ఇక్కడే ఉంది. రాష్ట్రంలో ప్రైవేటు ఆస్పత్రులు, క్లినిక్కుల రిజిస్ట్రేషన్ చూసేది జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్ఓ) కార్యాలయమే. ఆ గదులకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో తనిఖీ చేయాలి. సంతకం పెట్టించుకునే కాగితం తెలుగులో ఉండాలి, అదీ ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర కాకుండా నాలుగు రోజుల ముందు ఇవ్వాలి. ఇంటికి పంపేటప్పుడు ఇక్కడ ఏ డాక్టరుకు చూపించుకోవాలో, ఆయనతో ముందే మాట్లాడి రాసివ్వాలి.

ఇప్పటికే చేయించుకున్నవాళ్లకు: మీ కేసు రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని ఆ 2002 నియమావళిలోనే ఉంది. వాటిని మూడేళ్లు భద్రపరచాలని కూడా ఉంది కాబట్టి, డిశ్చార్జి రోజున అడగకపోయినా ఇప్పుడు కాగితం పెట్టి అడగవచ్చు.

— ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, అనంతపురం